హైస్పీడ్ రైలు మీద మేం కామెంట్ పెట్టాం, జవాబు రావడానికి ఇరవై నెలలు పట్టింది

మొన్న 2022 ఏప్రిల్ 28, గురువారం, కాలిఫోర్నియాలో శాన్ హోసే నుంచి మెర్సెడ్ వైపు వేసే హైస్పీడ్ రైలు లైనుకి ఆ రైలు సంస్థ బోర్డు ఓకే చెప్పేసింది. ఆఫీసు పని పక్కనబెట్టి లాప్‌టాప్‌లో ఆ మీటింగ్ చూస్తూ కూర్చున్నా. రెండున్నరేళ్ళకి పైగా దీని వెనకాల తిరిగాం కదా, మేం అడిగింది (మా దగ్గరి రైలు గేట్ల బదులు బ్రిడ్జిలు కట్టమని) మాత్రం వాళ్ళు ఒప్పుకున్న ప్లాన్‌లో లేదు. అయినా ఇదంతా రాస్తున్నానంటే కారణం ఉంది, నేను మొదలెట్టినప్పుడు తెలుగువాళ్ళలో ఎవర్ని అడిగినా అసలు ఇది ఎలా జరుగుతుందో ఒక్కళ్ళూ చెప్పలేకపోయారు, అందరూ "మనకి ఓటే లేదు, మనకెందుకు బాబూ" అన్నవాళ్ళే. సో ఏమేం జరిగిందో వరసగా రాసేస్తున్నా.

మా ఇల్లు సౌత్ శాన్ హోసేలో, బ్రాన్‌హమ్ లేన్‌కి దగ్గర్లో. 2017లో టౌన్‌హోమ్ కొనుక్కున్నాం. మాంటెరే రోడ్డు, దాన్ని ఆనుకునే యూనియన్ పసిఫిక్ అనే గూడ్సు రైళ్ళ కంపెనీ పట్టాలు, దక్షిణాన గిల్రాయ్ ఊరికి వెళ్ళే లోకల్ రైలు కాల్‌ట్రైన్ అప్పట్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పైకి మూడు, సాయంత్రం కిందికి మూడు ట్రిప్పులు, ఎప్పుడన్నా ఒక గూడ్సు, రోజుకి అటొకటి ఇటొకటి దూరం వెళ్ళే ఆమ్‌ట్రాక్. బ్రాన్‌హమ్ దగ్గర లెవెల్ క్రాసింగ్ ఉంది, గేటు పడుతుంది, ఒక్క నిమిషంలో లేస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఇల్లు కొనేటప్పుడు రియల్టర్ ఇచ్చిన కాయితాల కట్టలో హైస్పీడ్ రైలు సంగతి ఒక లైను ఉంది, నేను దాని మీద కూడా సంతకం పెట్టా, చదవకుండా.

2019 ఆగస్టులో తలుపుకి ఒక ఫ్లయర్ తగిలించి పోయారు, ఓపెన్ హౌస్ ఉంది రండి అని. ఒక్కణ్ణే వెళ్ళా. మన ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ అంటే స్టేజీ, మైకు, పోలీసులు, అరుపులు ఉంటాయిగా, నేనూ అదే అనుకుని వెళ్తే అక్కడ అలాంటిదేం లేదు, హాలు నిండా స్టాండ్ల మీద మ్యాపులు పెట్టారు, ఒక్కో మ్యాపు దగ్గర ఒక ఇంజనీరు నిలబడ్డాడు, మన ఇల్లెక్కడో వేలు పెట్టి చూపిస్తే ఓపిగ్గా చెప్తారు. అక్కడే తెలిసింది, మొత్తం నాలుగు దార్లు చూస్తున్నారంట. ఒకటి మాంటెరే రోడ్డు వెంబడి పెద్ద పెద్ద స్తంభాల మీద వంతెన, ఇంకోటి కట్ట పోసి దాని మీద పట్టాలు, మూడోది కూడా వంతెనే కానీ గిల్రాయ్ ఊరి బయట నుంచి, నాలుగోది ఇప్పుడున్న పట్టాల దార్లోనే నేల మీద, కాల్‌ట్రైన్‌తో కలిపి. స్టాఫ్ సిఫార్సు నాలుగోదానికి. తక్కువ ఖర్చు, తక్కువ ఇళ్ళు పోతాయి. నాకు ప్రాణం లేచొచ్చింది, మన ఇల్లు సేఫ్ కదా అని. తర్వాత ఆ ఇంజనీరు మెల్లిగా ఇంకో మాట చెప్పాడు, నేల మీద అంటే స్కైవే డ్రైవ్, బ్రాన్‌హమ్, చినోవెత్, ఈ మూడు గేట్లూ గేట్లుగానే ఉంటాయి, రైలు మాత్రం గంటకి 110 మైళ్ళతో పోతుంది అని. అంటే మన లెక్కలో 177 కిలోమీటర్లు. కట్ట పోసే రెండో దార్లో అయితే రోడ్లకి అండర్ బ్రిడ్జిలో పై బ్రిడ్జిలో వచ్చేవి, గేటు అనేదే ఉండేది కాదు.

అక్కడ ఒక కార్డు ఇచ్చారు, అభిప్రాయం రాయమని. రాసి డబ్బాలో వేసి, నా పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చేశా. ఇది చాలామంది చేసే పొరపాటు, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నా. ఆ కార్డు లెక్కలోకి రాదు అని కాదు, కానీ దానికి జవాబు రాయాల్సిన రూలు లేదు. పర్యావరణ రిపోర్టు డ్రాఫ్ట్ బయటికొచ్చాక, కామెంట్ పీరియడ్ అని డేట్లు ప్రకటిస్తారు, ఆ డేట్ల మధ్యలో పంపిన దానికి మాత్రమే రాతపూర్వకంగా సమాధానం ఇచ్చి తీరాలి. నాకీ సంగతి ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. సెప్టెంబర్‌లో బోర్డు కూడా నాలుగో దార్నే ప్రిఫర్డ్ అంది.

డిసెంబర్‌లో మా నాన్న వచ్చాడు. అసలు కథలోకి ఆయన్ని తీసుకురాకుండా ఇది చెప్పలేను. నాన్న సౌత్ సెంట్రల్ రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా చేరి, కీమ్యాన్ అయ్యి, ఆఖరి పదకొండేళ్ళు బాపట్ల-చీరాల మధ్య ఒక గేటులో గేట్‌మ్యాన్‌గా చేసి రిటైర్ అయ్యాడు. నేను ఆ గేటు గదిలో హోమ్‌వర్క్ చేసుకుంటూ పెరిగా. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి ప్రైవేట్ నంబర్ చెప్తాడు, ఈయన రిజిస్టర్లో రాసుకుని తన నంబర్ చెప్తాడు, అంతే, ఆ తర్వాత కలెక్టర్ వచ్చి హారన్ కొట్టినా గేటు లేవదు.

ఇక్కడికొచ్చిన రెండో రోజే వాకింగ్‌కని తీసుకెళ్తే బ్రాన్‌హమ్ గేటు దగ్గర ఆగిపోయాడు. అప్పుడే కాల్‌ట్రైన్ వస్తోంది, గేటు పడింది. "ఇదేంట్రా, సగం రోడ్డుకే గేటేసి సగం వదిలేశారు" అన్నాడు. నిజమే, ఇక్కడ చాలా గేట్లు మన లేన్‌కి మాత్రమే అడ్డం పడతాయి, అటు వైపు ఖాళీగా ఉంటుంది, తొందరున్నోడు మెలికలు తిరిగి పోవచ్చు. ఇన్నేళ్ళు దాని పక్కనే ఉంటూ నేను చూడలేదు. "గేట్‌మ్యాన్ ఎక్కడ?" అన్నాడు. లేడు నాన్నా ఆటోమేటిక్ అని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మాంటెరే రోడ్డు సిగ్నల్ వైపు చూపించి, "ఆ ఎర్ర లైటు దగ్గర కార్లు ఆగితే తోక పట్టాల మీదకొస్తుంది కదరా" అన్నాడు. ఆ ఒక్క మాటే తర్వాత మా కామెంట్‌కి వెన్నెముక అయింది.

2020 మార్చి 17 నుంచి మా బే ఏరియాలో లాక్‌డౌన్. ఇండియా ఫ్లైట్లు ఆగిపోయినయ్. నాన్న ఐ-94, అంటే ఇక్కడ ఉండనిచ్చే గడువు కాయితం, జూన్‌తో అయిపోతుంది, ఎక్స్‌టెన్షన్‌కి 370 డాలర్లు, బయోమెట్రిక్స్ 85, మొత్తం 455 కట్టి ఫైల్ చేశా. ఇంట్లో అందరం, నేనూ మా ఆవిడా చెరో గదిలో మీటింగులు, పిల్లాడికి స్కూలు లేదు, నాన్న బాల్కనీలో. ఆయనకి ఆ రోజుల్లో బీపీ మాత్రలు అయిపోతే ఎలా అని నాకు నిద్ర పట్టేది కాదు. అలాంటి టైములో, ఏప్రిల్ 24న డ్రాఫ్ట్ రిపోర్టు విడుదలైందని మెయిల్ వచ్చింది. కామెంట్లకి 45 రోజులు, జూన్ 8 దాకా. తర్వాత దాన్ని జూన్ 23 దాకా పెంచారు.

లైబ్రరీలు మూసేశారు కాబట్టి పుస్తకం చూడ్డానికి లేదు, ఆన్‌లైన్‌లోనే. వేల పేజీలు. మొదటి వారం రోజూ రాత్రి తెరవడం, ముప్పై పేజీలు చదవడం, తల పట్టుకుని మూసేయడం. నాలాగా చేయొద్దు, మొదటి నుంచి చదవొద్దు. ముందు సమ్మరీ చదివి, ట్రాన్స్‌పోర్టేషన్ చాప్టరు, నాయిస్ చాప్టరు, సేఫ్టీ చాప్టరు, ఈ మూడు తీసి అందులో మీ వీధి పేరు కొట్టి వెతకండి. నేను "బ్రాన్‌హమ్" అని కొట్టాక పని తేలికైంది, రెండు రాత్రుల్లో నాక్కావాల్సినవి దొరికినయ్. నాలుగో దార్లో గేట్లకి నాలుగు వైపులా అడ్డం పడే గేట్లు పెడతాం, మధ్యలో డివైడర్ కడతాం, పట్టాల పొడుగూతా కంచె వేస్తాం అని ఉంది. నాన్నకి అది చదివి చెప్పా. "మంచిదే. మరి గేట్లన్నీ పడ్డాక లోపల బండి ఇరుక్కుంటే చూసేదెవరు?" అన్నాడు.

ఆ రాత్రే ఆయన నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. ఒక వర్షాకాలం రాత్రి, గేటు వేసున్నాడు, నవజీవన్ రావాలి, దాని వెనకే గూడ్సు, ఈలోపు అవతలి లైన్లో ఇంకోటి. 108 బండి వచ్చి ఆగింది. లోపల కాన్పు నొప్పులతో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి తల్లి వచ్చి నాన్న కాళ్ళ మీద పడింది గేటు తియ్యమని. నంబర్ ఇచ్చేశాడు, సిగ్నల్ పడిపోయింది, తియ్యడానికి లేదు. ఇరవై నిమిషాలు. గేటు దగ్గరే కాన్పు అయింది, తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు, తర్వాత వాళ్ళు స్వీట్లు కూడా తెచ్చిచ్చారంట. కానీ ఆ ఇరవై నిమిషాలు ఇప్పటికీ కల్లోకి వస్తాయి అన్నాడు. "రైలు రానియ్యి, మంచిదే, కానీ అన్ని రైళ్ళు తిప్పేటప్పుడు గేటు ఉంచకూడదురా అబ్బాయ్, కింద నుంచి దారి ఇవ్వాలి" అన్నాడు. మన దగ్గర రైళ్ళనీ బండ్లనీ గుణించి టీవీయూ అని లెక్క కడతారు, లక్ష దాటితే ఆ గేటుకి బ్రిడ్జి కట్టే అర్హత వస్తుంది, ఆ లెక్కలు తీసేటప్పుడు నాన్న ఎన్నోసార్లు రోడ్డు పక్కన కూర్చుని బండ్లకి గీతలు గీసినవాడే. ఇక్కడా గీద్దాం పద అన్నాడు. ఒక రోజు మాస్కులేసుకుని మడత కుర్చీలు తీసుకుని పోయాం కూడా, గంటసేపు లెక్కపెట్టాం, కానీ లాక్‌డౌన్‌లో రోడ్డు మీద ఎవరున్నారు, ఆ లెక్క దేనికీ పనికిరాదని ఇద్దరికీ అర్థమైంది. రిపోర్టులోనే కోవిడ్ ముందు తీసిన ట్రాఫిక్ అంకెలు ఉన్నాయి, వాటినే వాడుకున్నాం.

ఇంట్లో మాత్రం గొడవైంది. మా ఆవిడ భయం వేరు. "ఏవండీ, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నాం, గవర్నమెంట్ ప్రాజెక్టు మీద పేరు అడ్రసు పెట్టి రాయడం అవసరమా" అంది. ఆమెని తప్పుబట్టను, నాకూ లోపల ఆ భయం ఉంది. ఆఫీసులో లాయర్‌ని అడగడానికి మొహమాటపడి, చివరికి నోటీసు మళ్ళీ చదివా, ఎక్కడా సిటిజన్ అయి ఉండాలి, ఓటరు అయి ఉండాలి అని లేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగా కూడా, ఎవరైనా పంపొచ్చు అన్నారు. విజిటర్‌గా వచ్చిన మా నాన్న పంపొచ్చా అంటే, పంపొచ్చు అన్నారు. 2008లో ఈ రైలు కోసం 9.95 బిలియన్ డాలర్ల బాండ్లకి కాలిఫోర్నియా జనం ఓటేశారు, ప్రపోజిషన్ 1ఏ అని, నేనప్పటికి ఇండియాలో ఇంజనీరింగ్ ఫైనలియర్. ఆ ఓటులో మాకు భాగం లేదు. ఇందులో ఉంది. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను, పదేళ్ళుగా టాక్సులు కడుతూ కూడా ఈ ఊళ్ళో అతిథిలా ఉన్నా నేను.

మే 27న పబ్లిక్ హియరింగ్. కోవిడ్ వల్ల హాల్లో కాకుండా ఆన్‌లైన్లో, ఫోన్లో. నేను ఫోన్ చేసి లైన్లో నిలబడ్డా, నా వంతు రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. కానీ ఆ గంటా పది నిమిషాలు వినడమే నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. గార్డ్‌నర్ ఏరియా నుంచి ఒక పెద్దావిడ మాట్లాడింది, వాళ్ళ పేటని ఒక పక్క 280 ఫ్రీవే, ఇంకో పక్క 87 కోసేసినయ్, ఇప్పుడు మళ్ళీ మా మధ్య నుంచేనా అని అడిగింది, గొంతు వణుకుతోంది. తర్వాత ఒక కుర్రాడు, అమ్మానాన్న ఫ్రెస్నోలో ఉంటారంట, ప్రతి వారం పచెకో పాస్ కొండదారి మీదుగా కారు నడుపుకుంటూ పోతున్నా, ఈ రైలు కింద టన్నెల్లో పోతుందంటే నాకు అమ్మని చూసుకునే దారి దొరుకుతుంది, దయచేసి ఆపొద్దు అన్నాడు. ఆ టన్నెల్ 13 మైళ్ళకి పైనే. ఇంకొకాయన బాగా కోపంగా, 2020కల్లా రైలెక్కిస్తామన్నారు, ఎక్కడ రైలు, డబ్బంతా ఏమైపోయింది అని. కొయోటీ వ్యాలీలో జంతువులు ఒక కొండ నుంచి ఇంకో కొండకి దాటే దార్ల గురించి ఒకావిడ మాట్లాడింది, ఆ కంచె వేస్తే అవి ఎటు పోవాలి అంది. మన మాటే కరెక్టు అనుకుని ఫోన్ పట్టుకున్నవాణ్ణి, వీళ్ళందరిదీ విన్నాక నా కాగితంలో రెండు వాక్యాలు కొట్టేసి మార్చుకున్నా.

నాకు దొరికిన టైము రెండు నిమిషాలు. రాసుకున్నది పైకి చదివితే నాలుగు నిమిషాలు వచ్చింది, ముందే గడియారం పెట్టుకుని చూసుకోవాల్సింది. సగంలో ఆగిపోవాల్సి వచ్చింది. అంబులెన్స్ సంగతి చెప్పగలిగా, సిగ్నల్ దగ్గర కార్ల తోక సంగతి చెప్పలేకపోయా. ఫోన్ పెట్టేశాక చేతులు చల్లబడిపోయినయ్. నాన్న పక్క గదిలోంచి వచ్చి మంచినీళ్ళిచ్చి, "బాగానే చెప్పావ్, మిగతాది కాయితం మీద రాద్దాం" అన్నాడు.

కాయితం కోసం ఇంకో రెండు వారాలు. ఇక్కడ నేను నేర్చుకున్నది, "మాకు ఇష్టం లేదు" అని రాస్తే దానికి వచ్చే జవాబు "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అని ఒక్క లైను. ప్రశ్నలాగా అడగాలి. ఫలానా పేజీలో ఫలానా టేబుల్లో బ్రాన్‌హమ్ గేటు రద్దీ టైములో గంటకి ఇంతసేపు పడి ఉంటుందని మీరే రాశారు, మరి ఆ టైములో ఫైరింజన్ ఎటు నుంచి వస్తుంది? సిగ్నల్ దగ్గర ఆగిన కార్లు పట్టాల మీదకి రాకుండా ఏం చేస్తారు? గేట్ల దగ్గర రైలు హారన్ కొట్టాలి కదా, రాత్రిపూట ఎన్నిసార్లు, ఎంత మోత? అట్లా. నాది నాలుగు పేజీలు అయింది. నాన్నది ఒకటిన్నర పేజీ, ఆయన తెలుగులో చెప్తుంటే నేను ఇంగ్లీషులో రాశా, కింద ఆయన తెలుగులోనే సంతకం పెట్టాడు. నాన్న లెటర్లో మొదటి వాక్యం, నేను పదకొండేళ్ళు రైల్వే గేటు వేసినవాణ్ణి అని. ఈ-మెయిల్ చేస్తే సరిపోతుంది, కానీ ఆయన రిజిస్టర్డ్ పోస్టులో పంపితేనే పంపినట్టు అన్నాడు, సో రెండూ చేశాం. సర్టిఫైడ్ మెయిల్, అందినట్టు రసీదుతో కలిపి ఒక్కోదానికి అప్పట్లో ఏడు డాలర్ల దాకా అయింది. ప్రింటర్ ఇంకు 40. జూన్ 15న పోస్టు చేశా, వారంలో అందినట్టు సంతకంతో రసీదు, పచ్చ రంగు కార్డు, వెనక్కొచ్చింది, నాన్న దాన్ని తన పాస్‌పోర్టులో పెట్టుకుని ఆగస్టులో వందే భారత్ ఫ్లైట్లో ఊరెళ్ళిపోయాడు.

మా కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టా, అందరూ ఒక మెయిల్ పంపండి అని. దాని మీద రెండు రోజులు రచ్చ. కొందరు ఇళ్ళ రేట్లు పడిపోతాయి, ప్రాజెక్టే ఆపించాలి అన్నారు. కొందరు స్టేషన్ దగ్గరైతే రేట్లు పెరుగుతాయి, నువ్వు అడ్డుపడుతున్నావా అన్నారు. నేను రైలుకి వ్యతిరేకం కాదు, మా నాన్న జీతం మీద చదువుకున్నవాణ్ణి, రైలుకి ఎట్లా వ్యతిరేకం అవుతా, గేట్ల బదులు బ్రిడ్జి అడుగుతున్నా అంతే, అని ఎన్నిసార్లు చెప్పినా అటో ఇటో ఒక పక్కకి నెట్టేశారు. 64 మంది గ్రూపులో మెయిల్ పంపింది ఐదుగురు. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతోంది. పక్కింటి వియత్నాం పెద్దాయన మాత్రం వీధంతా తిరిగి సంతకాలు తెచ్చాడు.

ఆ తర్వాత ఏమీ లేదు. నెలలు. 2021 ఏప్రిల్‌లో మళ్ళీ ఒక డ్రాఫ్ట్ వచ్చిందని మెయిల్ వస్తే ఎగిరి గంతేసి తెరిచా, అది మొనార్క్ సీతాకోకచిలుకలు, మౌంటెన్ లయన్ల గురించి కొత్తగా చేర్చిన భాగం, కామెంట్లు దాని మీదే పంపాలి. అప్పుడే ఇండియాలో సెకండ్ వేవ్, మా మేనమామ ఒంగోలు హాస్పిటల్లో ఉన్నాడు, నేను దాన్ని తెరిచి మూసేశా.

2022 ఫిబ్రవరి 25, శుక్రవారం. ఫైనల్ రిపోర్టు. పంపిన తేదీ నుంచి ఇరవై నెలలు. కామెంట్లూ జవాబులూ విడిగా ఒక వాల్యూమ్, అందులో నా పేరు వెతకడానికి అరగంట పట్టింది. నా నాలుగు పేజీల ఉత్తరం స్కాన్ చేసి పెట్టారు, పక్కన మార్జిన్లో గీతలు గీసి ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక నంబర్ ఇచ్చారు. నాది ఐదు ముక్కలైంది, నాన్నది మూడు. కింద నాన్న తెలుగు సంతకం అట్లాగే ఉంది. ఆ పేజీ చూసి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్. ఫోన్ చేశా, అక్కడ శనివారం పొద్దున తొమ్మిదిన్నర, స్క్రీన్ చూపించా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "నంబర్ ఇచ్చారా" అన్నాడు. ఇచ్చారు నాన్నా. "నంబర్ ఇచ్చారంటే రికార్డులోకెక్కినట్టే" అన్నాడు.

జవాబుల సంగతికొస్తే, చాలామంది ఒకే విషయం అడిగారు కాబట్టి అందరికీ కలిపి ఒక స్టాండర్డ్ రెస్పాన్స్ రాశారు, నా ఐదిట్లో మూడింటికి అది చూడమని ఉంది. సారాంశం ఏంటంటే, నాలుగో దార్లో బ్రిడ్జిలు ఈ ప్రాజెక్టు కింద కట్టరు, కానీ తర్వాత సిటీ వాళ్ళూ మిగతా సంస్థలూ కట్టుకోవాలనుకుంటే ఈ డిజైన్ అడ్డం కాదు. ఫైరింజన్లు ఆలస్యం కాకుండా సిగ్నళ్ళలో వాటికి ముందు దారి ఇచ్చే ఏర్పాట్లు లాంటివి చేస్తారు. లోపల బండి ఇరుక్కోవడం గురించి నాన్న అడిగినదానికి విడిగా సమాధానం ఉంది, బయటికి పోయే వైపు గేటు కొంచెం ఆలస్యంగా పడుతుంది, పట్టాల మీద బండి ఉంటే కనిపెట్టే పరికరం ఉంటుంది అని. నాన్న దాన్ని రెండుసార్లు చదివించుకుని "అయితే ఆలోచించారు" అన్నాడు. తృప్తి పడ్డాడని కాదు, జవాబు వచ్చినందుకు గౌరవంగా అన్నాడు.

నేను అసలు ఊహించనిది హారన్ సంగతి. గేటుకి 15 నుంచి 20 సెకన్ల ముందు నుంచి రైలు హారన్ కొట్టాలి, అది ఫెడరల్ రూలు, చప్పుడు 96 నుంచి 110 డెసిబెల్స్. ఆ హారన్ వద్దనుకుంటే ఆ గేటుని క్వయిట్ జోన్ చేయించుకోవాలి. దానికి అప్లయ్ చేయాల్సింది రైలు వాళ్ళు కాదు, ఆ రోడ్డు ఎవరిదో ఆ సిటీ వాళ్ళు. రైలు వాళ్ళు సాయం మాత్రమే చేస్తారు. అంటే రెండేళ్ళు నేను ఒక అర్జీ తప్పు గుమ్మంలో పట్టుకుని నిలబడ్డా. మొదట్లోనే ఇది ఎవరన్నా చెప్పుంటే సిటీ కౌన్సిల్ ఆఫీసుకి కూడా అప్పుడే రాసేవాణ్ణి.

ఏప్రిల్ 27న బోర్డు మీటింగ్, అదీ ఆన్‌లైన్లోనే, రెండు రోజులు. మొదటి రోజు మళ్ళీ పబ్లిక్ కామెంట్. ఈసారి గడియారం పెట్టుకుని ఐదుసార్లు ప్రాక్టీసు చేసి, ఒక నిమిషం యాభై సెకన్లకి కుదించా. గేట్లు ఉంచడం మీ నిర్ణయమైతే, బ్రిడ్జిలకి సిటీ డబ్బు అడిగినప్పుడు మీరు పక్కన నిలబడండి, అని ముగించా. యూనియన్ వాళ్ళు ఉద్యోగాల గురించి మాట్లాడారు, స్టూడెంట్లు వాతావరణం గురించి, మోర్గన్ హిల్ నుంచి ఎవరో చప్పుడు గురించి. ఆ ఫిబ్రవరిలోనే మొత్తం శాన్ ఫ్రాన్సిస్కో-లాస్ ఏంజలెస్ లైను ఖర్చు 105 బిలియన్ల దాకా పోవచ్చని బిజినెస్ ప్లాన్‌లో వచ్చింది కాబట్టి ఆ డబ్బు మాట ప్రతి మూడో మనిషీ ఎత్తాడు. రెండో రోజు ఓటు. నాలుగో దారే ఖాయం.

ఓకే అయింది అంటే రేపే పలుగు పార పట్టుకొస్తారని కాదు. ఇప్పుడు పని జరుగుతున్నది అటు సెంట్రల్ వ్యాలీలో, 119 మైళ్ళు. మా వైపు కట్టడానికి డబ్బు ఇంకా రాలేదు, పర్యావరణ అనుమతి ఉంటేనే డబ్బు అడగ్గలరు కాబట్టి ఇది ముందు మెట్టు. మా ఆవిడ లెక్క ప్రకారం పిల్లాడు కాలేజీకి వెళ్ళేదాకా గేటు ఇట్లాగే ఉంటుంది. వీసా మీద దీని ప్రభావం ఏమైనా ఉందా అని చాలామంది అడిగారు, ఏమీ లేదు, పోయినేడు నా హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ మామూలుగానే వచ్చింది.

ఓటింగ్ అయిన రోజు రాత్రి నాన్నకి ఫోన్ చేశా. ఈ నెల మొదట్లోనే బాపట్ల జిల్లా అయిందిగా, కలెక్టరాఫీసు మన ఊళ్ళోకే వచ్చిందని ఆ సంబరం చెప్తున్నాడు. నేను బోర్డు ఏం తేల్చిందో చెప్పా. కాసేపు ఆగి, "హారన్ అర్జీ పెట్టాల్సింది సిటీ వాళ్ళన్నావ్ కదా, వాళ్ళ ఆఫీసు మీకెంత దూరం?" అన్నాడు. కారులో పావుగంట నాన్నా. "అయితే వియత్నాం ఆయన్ని కూడా తీసుకెళ్ళు. నువ్వొక్కడివే పోతే ఇంటి కోసం వచ్చావనుకుంటారు, ఇద్దరు పోతే వీధి కోసం వచ్చారనుకుంటారు" అన్నాడు. నిన్న మా కౌన్సిల్ మెంబర్ ఆఫీసుకి మెయిల్ పెట్టాం, మూడు గేట్లకీ క్వయిట్ జోన్, దాంతోపాటు అండర్ బ్రిడ్జి స్టడీ, రెండూ అడుగుతూ, పదకొండు ఇళ్ళ సంతకాలతో. ఇంకా అపాయింట్‌మెంట్ రాలేదు.